మా పిల్లల ఆట పేపర్లో ఎందుకు రాదు?

సందేహాలు – సమాధానాలు

స్కూల్ గేమ్స్ మొదలయ్యాయంటే పిల్లలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి కిట్ బ్యాగులు భుజాన వేసుకుని తిరుగుతుంటారు. మర్నాడు పొద్దున్నే వాళ్ల అమ్మానాన్నలు జిల్లా పేజీలు తిరగేస్తుంటారు. పేరు రాలేదని, వచ్చినా తప్పుగా పడిందని, ఫొటోలో పిల్లలకు బదులు పెద్దలే ఉన్నారని ఈసారి మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. జిల్లా డెస్కులోనూ స్పోర్ట్స్ పేజీలోనూ చాలాకాలం పనిచేసిన సీనియర్ పాత్రికేయులు వాటికి ఇచ్చిన సమాధానాలివి.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. వాళ్ల జట్టు జిల్లా స్థాయి అండర్-17 కబడ్డీలో గెలిచింది. మర్నాడు పేపర్లో ఎమ్మెల్యేగారు కూతకు వెళ్తున్న ఫొటో వేశారు. వార్తలో ఆయన ప్రసంగం, వేదిక మీదున్న వాళ్లందరి పేర్లు ఉన్నాయి. గెలిచిన పిల్లల్లో ఒక్కడి పేరూ లేదు. ఇదెక్కడి న్యాయం?
– ఓ తండ్రి, పల్నాడు జిల్లా

సమాధానం: మీ బాధ న్యాయమైనది. జిల్లా పేజీల్లో ఆటల వార్త ఎలా ఉంటుందో చూడండి: ‘పోటీలను ఫలానా వారు ప్రారంభించారు. క్రీడలు మానసికోల్లాసానికి దోహదం చేస్తాయని, గెలుపోటములను సమానంగా స్వీకరించాలని ఆయన అన్నారు. కార్యక్రమంలో ఎంఈవో, సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు, పీఈటీలు పాల్గొన్నారు.’ ఇందులో కబడ్డీ తీసేసి ఖోఖో పెట్టినా, ఈ ఏడాది తీసేసి పోయినేడు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆట లేని ఆటల వార్త ఇది.

ఇలా ఎందుకవుతుందంటే, ప్రారంభోత్సవం పొద్దున పది గంటలకు జరుగుతుంది. విలేకరి అప్పుడే వస్తాడు. నిర్వాహకులు రాసిపెట్టిన ప్రెస్ నోట్, అతిథుల ఫొటో చేతికందుతాయి. ఫైనల్ పొద్దుగూకే వేళకు ముగుస్తుంది. మండల స్థాయిలో పనిచేసే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఆధారం. ఆ రోజు అతను ఓ రోడ్డు ప్రమాదం, ఓ ధర్నా, ఓ గ్రామసభ కూడా చూసుకోవాలి. జిల్లా పేజీలు మెయిన్ పేజీల కన్నా ముందే ముగుస్తాయి. రాత్రి ఎనిమిదికి అందిన ఫలితం మర్నాటికి పాత వార్త అయిపోతుంది.

కారణాలు ఇవైనా తప్పు తప్పే. అన్నే పంక్తుల్లో ఇలా రాయొచ్చు: ‘అండర్-17 బాలుర కబడ్డీ ఫైనల్లో ఫలానా జడ్పీ హైస్కూలు జట్టు 38-31తో ఫలానా గురుకులంపై గెలిచింది. విరామానికి ఆరు పాయింట్లు వెనకబడిన జట్టును రైడర్ ఫలానా అబ్బాయి రెండో సగంలో ముందుకు తెచ్చాడు.’ ముఖ్య అతిథి పేరు చివరి పంక్తిలో ఉంటే చాలు. మీరు చేయగలిగిందీ ఉంది. ఫైనల్ అవగానే స్కోరు షీటును, పన్నెండు మంది పేర్లను ఫోన్‌లో ఫొటో తీసి విలేకరికి పంపించమని పీఈటీని అడగండి. ఆయన పిల్లల్ని బస్సెక్కించే హడావుడిలో ఉంటే, ఆయన అనుమతితో మీరే పంపండి.

ప్రశ్న: మా అమ్మాయి గురుకులంలో చదువుతోంది. హ్యాండ్‌బాల్‌లో రాష్ట్ర స్థాయికి ఎంపికైతే పేపర్లో ఒక్క ముక్కా రాలేదు. అదే వారం పట్నంలో ఓ ప్రైవేటు స్కూలు స్పోర్ట్స్ డేకు మూడు ఫొటోలు వేశారు. యాడ్ ఇస్తేనే వార్త వేస్తారా? డబ్బులు అడిగితే ఏం చేయాలి?
– ఓ తల్లి, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: ఇందులో రెండు కారణాలు కలిసి ఉన్నాయి, విడివిడిగా చూడాలి. మొదటిది, పెద్ద ప్రైవేటు స్కూళ్లలో పత్రికలకు వార్త పంపడమే పనిగా ఒక ఉద్యోగి ఉంటారు. సాయంత్రం నాలుగింటికల్లా ఫొటో, కింద ఎవరెవరో పేర్లు, నాలుగు పంక్తుల వార్త డెస్కుకు చేరిపోతాయి. గురుకులం పీఈటీ అదే సమయానికి పిల్లలకు అన్నం పెట్టించే పనిలో ఉంటారు. సిద్ధంగా ఉన్న వార్తకే ఖాళీ జాగా దొరుకుతుంది.

రెండోది ప్రకటనలు. చాలా పత్రికలు మండల విలేకరులకు ఆగస్టు 15కు, ఉగాదికి, వార్షికోత్సవానికి ప్రకటనల టార్గెట్లు పెడతాయి. యాడ్ అడగాల్సిన యాజమాన్యం వార్త వేయమంటే కాదనడం ఆ విలేకరికి కష్టం. ఇది పాఠకుడికి జరుగుతున్న అన్యాయం. డబ్బుకో, మరో ప్రతిఫలానికో వార్త వేయడాన్ని పెయిడ్ న్యూస్‌గా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2010 నివేదికలోనే తప్పుపట్టింది. ఆ నివేదిక ముఖ్యంగా ఎన్నికల వార్తల గురించే అయినా నీతి ఒక్కటే.

ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారో రాసి ఎడిషన్ ఇన్‌ఛార్జికి, ఎడిటర్‌కు పంపండి. ప్రతి పత్రికలోనూ ఎడిటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామా అచ్చులో ఉంటాయి. ఇక వార్త వేయమని ఏ పత్రికనూ ఎవరూ బలవంతపెట్టలేరు, ఎంపిక ఎడిటర్ ఇష్టం. అయితే నెల రోజుల క్లిప్పింగులు తేదీల వారీగా అంటించి, ప్రభుత్వ బడుల ఆటలకు ఎన్ని పంక్తులు దక్కాయో చూపిస్తూ పదిమంది తల్లిదండ్రులు సంతకాలు చేసి పంపితే ఏ డెస్కూ దాన్ని పక్కన పడేయదు. కోపంగా చేసే ఫోన్ కన్నా అది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: లాంగ్‌జంప్‌లో మా అబ్బాయి మొదటి స్థానంలో వస్తే పేపర్లో వేరే పిల్లాడి పేరు వేశారు. అడిగితే ‘చిన్న విషయం’ అన్నారు. రేపు స్పోర్ట్స్ కోటాలో మాకు ఇబ్బంది వస్తుందా?
– ఓ తల్లి, అనకాపల్లి జిల్లా

సమాధానం: కోటా గురించి భయపడకండి. అక్కడ పేపర్ క్లిప్పింగ్‌ను ఎవరూ ఆధారంగా తీసుకోరు, సర్టిఫికెట్టే ముఖ్యం. జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడిన వారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఫారం-4 అనే నమూనాలో ధ్రువపత్రం ఇస్తారు. రాష్ట్ర విద్యాశాఖలో స్కూల్ క్రీడలు చూసే అధికారి దాని మీద సంతకం చేయాలి. రాష్ట్రంలో సీట్లకు, ఉద్యోగాలకు వేరే జీవోలు, వేరే నమూనాలు ఉంటాయి. కాబట్టి సర్టిఫికెట్ అందిన రోజే బడి రికార్డులో ఉన్నట్టు పేరు, పుట్టిన తేదీ, ఈవెంట్, స్థానం, సంతకం, ముద్ర సరిచూసుకోండి. అందులో తప్పుంటే ఆ వారంలోనే దిద్దించుకోండి.

ఇక పేపర్ సంగతి. పద్నాలుగేళ్ల పిల్లాడు గెలిచిన రోజున ఇంకొకరి పేరు పడటం చిన్న విషయం కాదు. ఫలితాల షీటు ఫొటో, క్లిప్పింగ్ జతచేసి, తప్పేమిటో, సరైనదేమిటో రెండే వాక్యాల్లో రాసి డెస్కుకు అదే రోజు పంపండి. సవరణ వేయమని మర్యాదగానే, స్పష్టంగా అడగండి. వెబ్‌సైట్‌లో ఉన్న వార్తను కూడా దిద్దమనండి. నాలుగేళ్ల తరవాత ఎవరైనా వెతికితే దొరికేది అదే.

ఎంతకీ పట్టించుకోకపోతే ఎడిటర్‌కు ఉత్తరం రాయాలి. అక్కడా జవాబు లేకపోతే దినపత్రికల విషయంలో వార్త అచ్చయిన రెండు నెలల లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ హెచ్చరించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు, పరిహారం ఇప్పించలేదు. ఒక పేరు తప్పు కోసం అంత దూరం వెళ్లాల్సిన పని సాధారణంగా పడదు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. 400 మీటర్లు పరిగెత్తుతుంది. జిల్లా మీట్‌లో తీసిన ఫొటో పెద్దగా వేశారు. షార్ట్స్‌లో ఉన్న ఫొటో అని చుట్టాలు నలుగురూ నాలుగు మాటలంటున్నారు. ఇక పోటీలకు పంపొద్దని ఇంట్లో పట్టుబడుతున్నారు. ఫొటోలు వేయొద్దని పేపరుకు చెప్పొచ్చా?
– ఓ తండ్రి, కడప జిల్లా

సమాధానం: ముందు అమ్మాయిని గ్రౌండ్‌కు పంపండి. మిగతావన్నీ తరవాత. పరుగు పందెంలో ఆ దుస్తులు వేసుకోవడం ఆటలో భాగం, అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. విశాఖపట్నంలో ఓ సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజీలోని హర్డ్లర్‌ను మొదట గుర్తించింది ఆమె బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులే. ఆమె 2023లో బ్యాంకాక్‌లో, 2025లో గుమిలో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో పరిగెత్తిన తొలి భారతీయురాలు ఆమె. బంధువుల మాటలకు ఇంట్లో వాళ్లు వెనక్కి తగ్గి ఉంటే ఈ మూడూ ఉండేవి కావు.

పేపరును నిలదీయాల్సిన చోట నిలదీయండి. ఆ ఫొటో కింద మీ అమ్మాయి పేరు, బడి, ఎన్ని సెకన్లలో పరిగెత్తింది, ఎన్నో స్థానం అనేవి ఉన్నాయా? అవేమీ లేకుండా పేజీ నింపడానికి ఆడపిల్ల ఫొటో వేస్తే అది తప్పు. పడిపోతున్నప్పుడో, అసభ్యంగా కనిపించే కోణంలోనో తీసింది వేస్తే అంతకన్నా తప్పు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, హాస్టల్ గది వంటి వివరాలు ఏ పత్రికా వేయకూడదు. పోటీలకు ముందే పీఈటీ ద్వారా ఫొటోగ్రాఫర్‌కు మీ అభ్యంతరం చెప్పొచ్చు. బాధ్యత తెలిసిన పత్రిక ఆ మాట వింటుంది. కానీ చెప్పే ముందు మీ అమ్మాయిని అడగండి. ఆ ఫొటోను కత్తిరించి పుస్తకంలో దాచుకుందేమో. పరిగెత్తింది తను, తన మాటకు విలువ ఉండాలి.

ప్రశ్న: రాష్ట్ర జట్టు ఎంపికల్లో మా వాడికి అన్యాయం జరిగింది. నిర్వాహకుల తాలూకు పిల్లాణ్ని తీసుకున్నారు. ముగ్గురు విలేకరులకు చెప్పినా ఎవరూ రాయలేదు. వాళ్లూ కుమ్మక్కయ్యారా?
– ఓ తండ్రి, సూర్యాపేట

సమాధానం: కుమ్మక్కు అనే ముందు విలేకరి చేతిలో మీరు ఏం పెట్టారో ఆలోచించండి. ‘అన్యాయం జరిగింది’ అన్న మాట ఒక్కటే ఉంటే ఏ డెస్కూ వేయదు, వేయకూడదు కూడా. ఎదుటి పిల్లాడికీ పేరుంది, అమ్మానాన్నలున్నారు. ఆధారం లేకుండా వాడు దొడ్డిదారిన వచ్చాడని రాస్తే ఓ పిల్లాణ్ని బజారుకీడ్చినట్టే.

అథ్లెటిక్స్, ఈత వంటి వాటిలో దూరాలు, సమయాలు కాగితం మీద ఉంటాయి కాబట్టి పని సులువు. కబడ్డీ, వాలీబాల్ వంటి జట్టు ఆటల్లో సెలెక్టర్ల అంచనాయే ఎక్కువ. అందుకే ఎంపిక ప్రకటన ఏ రోజు వచ్చింది, ట్రయల్స్‌కు ఎంతమంది వచ్చారు, సెలెక్షన్ కమిటీలో ఎవరున్నారు, ఎంపికైన వారి జాబితా మీద ఎవరి సంతకాలున్నాయి అనేవి సేకరించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పుట్టిన తేదీల్లో తేడాలున్నా ఈ దారిలోనే బయటపడతాయి. ఆ కాగితాలతో వెళ్తే విలేకరికి వార్త అవుతుంది. అప్పుడు కూడా రాయకపోతే ప్రశ్నించే హక్కు మీకుంది. రాసేటప్పుడు మాత్రం ఎంపిక చేసిన పెద్దల్ని నిలదీయాలి, ఎంపికైన పిల్లాడి పేరు రాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి ఫుట్‌బాల్ గోల్‌కీపర్. సెమీస్‌లో ఓడిపోతే ‘గోల్‌కీపర్ తప్పిదంతో ఓటమి’ అని పేరుతో సహా రాశారు. వాడు మూడు రోజులు బడికి వెళ్లలేదు. పేపరు ఇలా రాయొచ్చా?
– ఓ తల్లి, అనంతపురం

సమాధానం: రాయకూడదమ్మా. జీతం తీసుకుని ఆడే క్రీడాకారుణ్ని విమర్శించినట్టు బడి పిల్లాణ్ని విమర్శించకూడదు. ‘ఆట చివరి నిమిషంలో గోల్ పడటంతో జట్టు 1-2తో ఓడింది’ అంటే నిజం చెప్పినట్టే, ఎవరి మనసూ నొప్పించనట్టే. గోల్ కొట్టిన వాడి పేరు రాయాలి. గోల్ ఆపలేకపోయిన వాడి పేరు అక్కర్లేదు. ఎడిటర్‌కు ఈ మాటే రాయండి, మీ బాబు పేరు మళ్లీ అచ్చులోకి రాకుండా చూడమనండి.

విలేకరి విమర్శించాలనుకుంటే మైదానంలో చాలా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించారా? ఒకే రోజు ఎన్ని మ్యాచ్‌లు పెట్టారు? తాగునీళ్లు, ఫస్ట్ ఎయిడ్ ఉన్నాయా? ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ ఉన్నాయా? బయటి ఊరి పిల్లలు రాత్రి ఎక్కడ పడుకున్నారు? ఇవి వార్తలు. తల్లిదండ్రులు కూడా ఫొటో రాలేదని చేసే ఫోన్లలో సగం వీటి గురించి చేస్తే పిల్లలకు ఎంతో మేలు.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి హైస్కూల్ టెన్నిస్ ఆడతాడు, అమ్మాయి క్రాస్‌కంట్రీ పరిగెత్తుతుంది. ఊరి పేపర్లో శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప ఇంకేమీ ఉండదు. మన పిల్లలనే పట్టించుకోవడం లేదా?
– ఓ తండ్రి, డాలస్ సమీపం

సమాధానం: మన పిల్లలని కాదు, ఆ ఆటలే అక్కడ వెనకబడి ఉన్నాయి. టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ ఊరంతటి వేడుక. స్టేడియం నిండుతుంది, పాఠకులూ అదే చదువుతారు. టెన్నిస్, క్రాస్‌కంట్రీ, ఈత ఆడే పిల్లల తల్లిదండ్రులు ఏ ఊరివాళ్లయినా మీలాగే బాధపడుతుంటారు.

పైగా రాసేవాళ్లు తగ్గిపోయారు. 2005 నుంచి అమెరికాలో మూడు వేలకు పైగా పత్రికలు కనుమరుగయ్యాయని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని మెడిల్ జర్నలిజం స్కూల్ లెక్కగట్టింది. మిగిలినవాటిలో చాలావరకు దూరంగా ఉన్న ప్రెస్సుల్లో అచ్చవుతున్నాయి, గడువులు ముందుకు జరిగాయి. రాత్రి ఆట మర్నాటి పేపర్లో పడటమే గగనం. మనుషులు లేని లోటును యంత్రంతో పూడ్చాలని గన్నెట్ సంస్థ 2023లో కృత్రిమ మేధతో హైస్కూల్ ఆటల వార్తలు రాయించింది. ఒహాయోలోని కొలంబస్ డిస్పాచ్‌లో వచ్చిన ఓ సాకర్ వార్తలో జట్టు మస్కట్ పేరు ఉండాల్సిన చోట ‘గెలిచిన జట్టు మస్కట్’ అనే ఖాళీ గుర్తు అలాగే మిగిలిపోయింది. జనం తిట్టిపోశాక ఆ ప్రయోగాన్ని నిలిపేశారు. గ్రౌండ్‌కు వెళ్లకుండా ఆటను రాయడం కుదరదని అందరికీ అర్థమైంది.

అక్కడ చిన్న ఆటల ఫలితాలు పేపరుకు చేరేది ఎక్కువగా కోచ్‌ల ద్వారానే. కోచ్ పంపకపోతే పేపరుకు తెలిసే దారి లేదు. కోచ్‌ను అడిగి ఆ పని మీరు నెత్తిన వేసుకోండి. మీ పిల్లల ఫలితం మాత్రమే పంపితే తండ్రి మోజు అనుకుంటారు. జట్టు మొత్తం ఫలితాలు, ఎదుటి జట్టు పిల్లల పేర్లతో సహా, ఆట ముగిసిన గంటలోపు ప్రతిసారీ పంపండి. సీజన్ సగానికి వచ్చేసరికి ఆ పేపరు మీ ఈమెయిల్ కోసం చూస్తుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా బాలికల ఖోఖో జట్టు బాగా ఆడుతోంది. ఊళ్లో పెద్దవాళ్ల క్రికెట్ టోర్నీకి వచ్చినంత వార్త కూడా మాకు రాదు. అసలు వార్త ఎలా పంపాలి?
– ఓ పీఈటీ, జనగామ జిల్లా

సమాధానం: మీలాంటి వాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. ముందు ఇవి రాయండి: ఏ పోటీ, ఏ వయసు విభాగం, ఎక్కడ, ఏ తేదీన. తరవాత ఫలితం, స్కోరుతో. ఆపైన బడి రికార్డు చూసి పిల్లల పూర్తి పేర్లు, తరగతి, ఊరు. ఆటలో జరిగిన ఒక్క ముఖ్య ఘట్టం: ఎవరు ఎక్కువసేపు దొరక్కుండా పరిగెత్తారు, ఎవరు ఎక్కువ మందిని అవుట్ చేశారు. తదుపరి పోటీ ఎప్పుడు. కావాలంటే చివర అతిథుల పేర్లు. ఫొటో రెండు రకాలుగా పంపండి: ఆడుతున్నది ఒకటి, జట్టంతా ఎడమ నుంచి కుడికి పేర్లతో ఒకటి. అన్ని పత్రికలకూ ఒకే సమయానికి, సాయంత్రం ఆరు లోపు పంపితే మేలు. ఒక విలేకరికే ఇచ్చి మిగతా వాళ్లను వదిలేస్తే తరవాత ఎవరూ రారు.

ఓడినప్పుడూ పంపండి. రన్నరప్‌గా నిలిచిన ఆడపిల్లల జట్టు కూడా వార్తే.

పత్రికల వారికీ ఒక మాట. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024లో కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం వచ్చాక మొదటి పేజీలు ఇచ్చాం, మంచిదే. ఇలాంటి పిల్లలు మొదట పరిగెత్తేది మండల మైదానాల్లోనే. అక్కడి ఫలితాన్ని రాసే అవకాశం ఉన్నది జిల్లా పేజీకే. 1989లో ‘ఈనాడు’ జిల్లా వార్తలను విడి టాబ్లాయిడ్లుగా ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి, తరవాత ఆ దారిలో నడిచిన పత్రికలన్నిటికీ, ఊరి వార్త ఊరికి చేర్చడమే బలం. ఆ బలం పిల్లలకూ అందాలి.

తల్లిదండ్రులకు చివరిగా చెప్పేదొకటే. మీ బిడ్డ ఫొటో కోసం కాకుండా ఆడిన పిల్లలందరి పేర్లు సరిగ్గా పడటం కోసం అడగండి. ఫలితం మీరే అందించండి, తప్పు పడితే రాతపూర్వకంగా దిద్దించండి, బాగా రాసిన రోజు ఆ విలేకరికి ఫోన్ చేసి మెచ్చుకోండి. ఈ సీజన్లో మీ మండలంలో ఫైనల్ ఎప్పుడో ఇవాళే కనుక్కోండి.